నడుము దెబ్బ తర్వాత పాదం వాలిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

నడుముకు దెబ్బ తగిలాకో, డిస్క్ జారాకో పాదం పైకి లేవకుండా కిందికి వాలిపోయే స్థితిని డాక్టర్లు ఫుట్ డ్రాప్ అంటారు. ఫిజియోథెరపీ గదిలో నా ఎదుట కూర్చున్నవారూ, వారి చెయ్యి పట్టుకుని తీసుకువచ్చినవారూ ఏళ్ళుగా ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను. మీ కాలిని స్వయంగా పరీక్షించిన డాక్టర్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా ఉంటే, డాక్టర్ మాటే పాటించండి.

## మొదటి రోజులు

దెబ్బ తగిలింది నడుముకు కదా, పాదం ఎందుకు పడిపోయింది?

పొలంలో మోటారు బాగానే ఉన్నా, స్తంభం దగ్గర తీగ తెగితే నీళ్ళు రావు. ఇక్కడ జరిగిందీ అదే. పాదాన్ని పైకి ఎత్తే కండరం మోకాలి కింద, కాలి ముందు ఎముక పక్కన నిలువుగా ఉంటుంది. దానికి ఆదేశం తెచ్చే నరం నడుము కింది భాగంలో, వెన్నుపూసల మధ్య నుంచి బయలుదేరుతుంది. 75 కిలోల ధాన్యం బస్తా ఎత్తుతుండగానో, తాటిచెట్టు మీది నుంచో పరంజా మీది నుంచో పడినప్పుడో నాలుగు, ఐదు నడుము పూసల మధ్య డిస్క్ వెనక్కి పొడుచుకువచ్చి ఎల్5 అనే నరం మూలాన్ని నొక్కేస్తే, ఆ ఆదేశం కండరం దాకా చేరదు. కండరంలో లోపం లేకపోయినా పాదం లేవకపోవడానికి కారణం ఇదే.

ఇది ఫుట్ డ్రాపేనని ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

చాలామందికి మొదట తెలిసేది గడప దగ్గరే. రోజూ దాటే గడపే, ఒక్కసారిగా బొటనవేలికి తగలడం మొదలవుతుంది. నడుస్తుంటే ఒక పాదం నేలను 'టప్' మని కొట్టిన చప్పుడు పక్కగదిలోవారికి వినిపిస్తుంది. రెండు చెప్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని ముందుభాగం మాత్రమే అరిగి ఉంటుంది. కొందరు తమకు తెలియకుండానే మోకాలిని ఎత్తెత్తి, మెట్లు ఎక్కుతున్నట్టుగా నడుస్తుంటారు.

గోడ పట్టుకుని, పక్కన ఒకరిని నిలబెట్టుకుని, మడమల మీద నాలుగడుగులు వేసి చూడండి. బలహీనమైన వైపు ముందుపాదం వెంటనే కిందికి దిగిపోతుంది. తర్వాత కుర్చీలో కూర్చుని రెండు బొటనవేళ్ళనూ పైకి లేపి, ఎవరినైనా వాటిని వేలితో కిందికి నొక్కమనండి. ఒకటి గట్టిగా నిలిచి, రెండోది సులువుగా వంగిపోతే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోవాలి.

కాలు లాగే నొప్పి పూర్తిగా పోయింది, బలం మాత్రం లేదు. తగ్గుతున్నట్టేనా?

కాకపోవచ్చు. ఈ పేజీ మొత్తంలో ఈ ఒక్క జవాబును ఇంట్లో అందరికీ చదివి వినిపించమని కోరుతున్నాను. నరం నొక్కుకుంటున్నప్పుడు అది నొప్పి రూపంలో అరుస్తుంది. ఒత్తిడి తొలగిపోతే ఆ నొప్పి తగ్గుతుంది. కానీ నరం బాగా దెబ్బతిని, సంకేతాలు పంపే శక్తి కోల్పోయినా నొప్పి తగ్గుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటి మధ్య తేడా చెప్పగలిగేది పాదం బలం ఒక్కటే.

నొప్పి తగ్గడంతోపాటు పాదం లేవడం కూడా మెరుగుపడుతుంటే అది శుభసూచకం. నొప్పి పోయి పాదం ఇంకా వాలిపోతుంటే, లేదా నిన్నటికన్నా ఈ రోజు తక్కువగా లేస్తుంటే, ఆ రోజే న్యూరోసర్జన్‌నో వెన్నెముక ఆపరేషన్లు చేసే ఆర్థోపెడిక్ డాక్టర్‌నో కలవాలి. నొప్పి పోయిందన్న సంతోషంలో నెల రోజులు ఇంట్లో ఉండిపోయి, తర్వాత కాలు ఈడ్చుకుంటూ వచ్చినవారిని నేను చూశాను. వారిలో ఎవరూ నిర్లక్ష్యపరులు కారు. నొప్పి లేకపోతే జబ్బు లేదని మనమందరం నమ్ముతాం కాబట్టే అలా జరిగింది.

ఏ లక్షణాలుంటే రాత్రైనా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి?

మూత్రం రావడానికి ఇబ్బంది కావడం, మూత్రం నిండినట్టు తెలియకపోవడం, మూత్రమో మలమో తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు, అంటే సైకిల్ సీటుకు ఆనే చోటల్లా మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదు. నడుము అడుగున గుర్రపుతోకలా ఉండే నరాల కట్ట మొత్తం నొక్కుకుపోయిందనడానికి ఇవి గుర్తులు. దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. అత్యవసరంగా ఎమ్మారై తీసి, ఒత్తిడి ఉందని తేలితే త్వరగా ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. సిగ్గుపడి మూత్రం సంగతి దాచేవారు ఎక్కువ. అందుకే తోడు వచ్చినవారే ఆ ప్రశ్న అడగడం మంచిది.

ఇది పక్షవాతమా?

మూతి వంకరపోవడం, మాట తడబడటం, అదే వైపు చెయ్యి కూడా పడిపోవడం వంటివి అకస్మాత్తుగా వస్తే అది మెదడుకు సంబంధించిన పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నడుము నొప్పి తర్వాత ఒక పాదం మాత్రమే లేవకపోతే ఎక్కువగా అది నరం మూలం దగ్గరి సమస్య. ఈ రెండింటికీ వైద్యం వేరు.

## పరీక్షలు, ఆపరేషన్

ఎమ్మారై తీశారు కదా, మళ్ళీ ఈఎంజీ ఎందుకు?

ఎమ్మారై డిస్క్ ఎక్కడ నొక్కుతోందో బొమ్మ చూపిస్తుంది. నరం ఎంత పనిచేస్తోందో చెప్పేవి ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలను చూసే పరీక్ష), నరాల వేగం కొలిచే పరీక్షలు. పైగా పాదం వాలిపోవడానికి నడుము ఒక్కటే కారణం కాదు. మోకాలి బయటివైపు, కాస్త కింద చేతికి తగిలే ఎముక బొడిపె పక్కనుంచి ఒక నరం చర్మానికి చాలా దగ్గరగా వెళ్తుంది. అక్కడ నొక్కుకున్నా పాదం వాలిపోతుంది. కుష్ఠు వ్యాధిలో దెబ్బతినే నరాల్లో అదీ ఒకటి. నడుము నొప్పికి పిరుదు మీద వేసిన ఇంజక్షన్ నరానికి తగిలినా ఇదే జరగవచ్చు. కాబట్టి సూది వేయించుకున్న వెంటనే కాలు జివ్వుమని పాదం పడిపోయి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

నరం దెబ్బతిన్న మార్పులు కండరంలో స్పష్టంగా కనిపించడానికి సుమారు 3 వారాలు పడుతుంది. అందుకే మొదటి వారంలోనే ఈఎంజీ చేయించమని పట్టుబట్టడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

డాక్టర్ ఆపరేషన్ అంటున్నారు, బంధువులంతా వెన్నెముక జోలికి వెళ్ళవద్దంటున్నారు. ఏం చేయాలి?

డిస్క్ వల్ల వచ్చే నడుము నొప్పి చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందన్నది నిజం. కానీ ఆ మాట నొప్పి గురించినది. పాదంలో బలం గణనీయంగా తగ్గినప్పుడు, ముఖ్యంగా రోజురోజుకూ తగ్గుతున్నప్పుడు లెక్క మారుతుంది. డాక్టర్లు కండరం బలాన్ని 0 నుంచి 5 వరకు అంకెలతో కొలుస్తారు. 5 అంటే మామూలు బలం, 3 అంటే బరువేమీ లేకుండా పాదాన్ని పూర్తిగా పైకి ఎత్తగలగడం, 0 అంటే కండరంలో కదలికే లేకపోవడం. అంకె 3 కన్నా తక్కువై, ఎమ్మారైలో దానికి సరిపోయే చోటే ఒత్తిడి కనిపిస్తే, ఎక్కువమంది సర్జన్లు త్వరగా ఒత్తిడి తీసేయాలనే చెబుతారు. అంకె 4 ఉండి నిలకడగా ఉంటే, కొన్నాళ్ళు గమనించడం కూడా సరైన దారే.

డాక్టర్‌ను మూడు విషయాలు అడగండి: నా అంకె ఎంత, గతసారి కన్నా తగ్గిందా, ఆగితే ఏం పోగొట్టుకుంటాను. ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు, అయితే దాన్ని రోజుల్లో తీసుకోవాలి, నెలల్లో కాదు. 'వెన్నెముక ఆపరేషన్ అయితే మంచాన పడతారు' అని చెప్పే బంధువు ప్రేమతోనే చెబుతారు, కానీ పాదం బలాన్ని చేత్తో పట్టి చూసింది వారు కాదు.

ఆపరేషన్ అయి 6 వారాలైంది, పాదం లేవడం లేదు. ఆపరేషన్ ఫెయిలయిందా?

అలా తేల్చడానికి ఇది సమయం కాదు. ఆపరేషన్ చేసేది నరం మీది బరువును తీయడం మాత్రమే. నరం కోలుకోవడం దాని తర్వాత, దాని తీరులో జరుగుతుంది. నరం పైపొర మాత్రమే దెబ్బతిని ఉంటే కొన్ని వారాల్లో, సాధారణంగా 3 నెలల లోపే కదలిక తిరిగి వస్తుంది. లోపలి పోగులు తెగి ఉంటే అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతాయి. నడుము నుంచి మోకాలి కిందికి ఉన్న దూరాన్ని ఆ వేగంతో లెక్క వేస్తే దిగులు కలగడం సహజం. అయితే అన్ని పోగులూ తెగడం అరుదు. మిగిలిన పోగులు కండరంలోనే కొత్త కొమ్మలు వేసి, దిక్కులేకుండా మిగిలిన భాగాలను తమ కిందికి తెచ్చుకుంటాయి. చాలామందిలో కొన్ని నెలల తర్వాత కనిపించే మెరుగుదల ఇలా వచ్చిందే.

కోలుకోవడం అందరిలో ఒకేలా ఉండదు. ఆపరేషన్‌కు ముందు బలం ఎంత మిగిలి ఉంది, ఎన్నాళ్ళు నొక్కుకుని ఉంది, వయసు, షుగర్ వంటివి ఫలితాన్ని మారుస్తాయి. ఒక నోటుపుస్తకంలో వారానికి ఒకసారి తేదీ వేసి, కూర్చుని మడమ నేలకు ఆనించి పాదాన్ని ఎన్నిసార్లు ఎత్తగలిగారో రాసుకోండి. రోజూ చూసుకుంటే కనిపించని తేడా 2 నెలల పేజీలు తిప్పితే కనిపిస్తుంది.

ప్రెగాబాలిన్, బీ12 బిళ్ళలు వాడితే పాదానికి బలం వస్తుందా?

ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ నరాల మంటను, తిమ్మిరి నొప్పిని తగ్గించే మందులు. అవి కండరానికి బలం ఇవ్వవు. వీటితో మత్తు, కళ్ళు తిరగడం రావచ్చు కాబట్టి, పాదం వాలిపోయినవారు రాత్రి లేచి బాత్రూమ్‌కు వెళ్ళేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా మానేయకూడదు. శరీరంలో బీ12 తక్కువగా ఉంటే దాన్ని సరిచేయడం అవసరమే, కానీ డిస్క్ నొక్కుతున్న నరాన్ని ఆ బిళ్ళ విడిపించలేదు.

## ఏఎఫ్‌ఓ, చెప్పులు, నడక

ఏఎఫ్‌ఓ వేసుకుంటే కండరం బద్ధకిస్తుందంటున్నారు, నిజమేనా?

ఏఎఫ్‌ఓ అంటే పిక్క వెనుక నుంచి అరికాలి కింది వరకు వచ్చే, పాదాన్ని కాలికి లంబకోణంలో నిలిపే ప్లాస్టిక్ పట్టీ. ఆదేశం అందక కదలని కండరం బద్ధకించడానికి అవకాశమే లేదు. ఏఎఫ్‌ఓ లేకుండా నడిస్తే గడపకు తగిలి పడి, తుంటి ఎముకో మణికట్టో విరగ్గొట్టుకోవడం, మోకాలిని ఎత్తెత్తి నడిచి మళ్ళీ నడుము నొప్పి తెచ్చుకోవడం మాత్రం ఖాయంగా ఉన్న ప్రమాదాలు. నడిచేటప్పుడు వేసుకోండి, కూర్చుని వ్యాయామం చేసేటప్పుడు తీసేయండి. బలం పెరుగుతున్నకొద్దీ ఎంతసేపు మానవచ్చో ఫిజియోథెరపిస్ట్ చెబుతారు.

ఏ రకం కొనాలి? సర్జికల్ షాపులో దొరికేది సరిపోతుందా?

పాదం పక్కలకు తూలకుండా, కేవలం కిందికి వాలడమే సమస్య అయితే పలచని స్ప్రింగ్ లాంటి రెడీమేడ్ ఏఎఫ్‌ఓ, లేదా షూ లేసులకు తగిలించి చీలమండ చుట్టూ కట్టుకునే ఎలాస్టిక్ పట్టీ సరిపోవచ్చు. చీలమండ మెలికపడుతున్నా, పాదం ఆకారం మారినా, మొద్దుబారినతనం ఎక్కువగా ఉన్నా, కాలికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి చేయించుకున్నదే మేలు. కార్బన్ ఫైబర్‌తో చేసినవి తేలికగా, అడుగుకు ఊతమిచ్చేలా ఉంటాయి, ఖర్చు ఎక్కువ.

కొన్న మొదటి రోజే గంటల తరబడి వేసుకోవద్దు. అరగంట వేసుకుని తీసి, చర్మం చూడండి. ఎర్రబారిన గుర్తు 20 నిమిషాల్లో పోకపోతే అక్కడ ఒత్తుకుంటున్నట్టే, సరిచేయించాలి. లోపల నూలు మేజోడు తప్పనిసరి. షూ అర సైజు పెద్దది తీసుకుని, లోపలి మెత్తను తీసేస్తే పట్టీ ఇముడుతుంది.

ఇంట్లో, గుడిలో చెప్పులు వేసుకోము కదా, అక్కడ ఎలా నడవాలి?

ఇది మన ఇళ్ళకే ఉన్న చిక్కు. షూ లేకుండా ప్లాస్టిక్ ఏఎఫ్‌ఓతో నున్నటి టైల్స్ మీద నడిస్తే కాలు జారుతుంది. ఇంట్లో మాత్రమే వాడే, వెనుక పట్టీ ఉన్న ఒక జత షూ కానీ శాండల్ కానీ విడిగా పెట్టుకోండి. బయట తిరగనిది కాబట్టి దేవుడి గది దాకా వెళ్ళినా ఇంట్లోవారికి అభ్యంతరం ఉండదు. గుడిలో మాత్రం చీలమండకు కట్టే గుడ్డ, ఎలాస్టిక్ పట్టీలు ఉపయోగపడతాయి. అడుగుభాగం జారని రబ్బరుదో కాదో చూసుకుని, ఒకరి భుజం పట్టుకుని నడవండి.

హవాయి చెప్పులు పూర్తిగా మానేయాలి. వాటిని పట్టి ఉంచడానికి వేళ్ళు పనిచేయాలి, ఆ వేళ్ళకే ఇప్పుడు బలం లేదు. చీర కుచ్చిళ్ళు, లుంగీ అంచు చీలమండ పైకి ఉండేలా కట్టుకోండి. గడపకు ముదురు రంగు పూయించండి. రాత్రి మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న దీపం వెలగనివ్వండి.

కరెంటు పెట్టించుకుంటే త్వరగా తగ్గుతుందా?

చిన్న యంత్రాలతో ఇచ్చే టెన్స్ అనేది నొప్పి కోసం. నడక సమయంలో పాదాన్ని ఎత్తించే విద్యుత్ పరికరాలు ప్రధానంగా పక్షవాతం వంటి మెదడు సంబంధిత సమస్యల్లో పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ కాలిలోని నరం బాగానే ఉంటుంది. నడుము దగ్గరే నరం దెబ్బతిన్నవారిలో వాటి ప్రభావం పరిమితం. వేలు పోసి యంత్రం కొనేముందు ఆ డబ్బుతో మంచి ఏఎఫ్‌ఓ చేయించుకొమ్మనే నేను చెబుతాను.

## ఇంటి దగ్గర రోజులు

ఇంట్లో ఏ వ్యాయామాలు చేయాలి?

మొదటిది, పిక్క బిగుసుకుపోకుండా చూడటం. పాదం ఎప్పుడూ కిందికే వాలి ఉంటే మడమ వెనుక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టె) కురచబడి, తర్వాత బలం వచ్చినా పాదం లేవదు. కాళ్ళు చాపి కూర్చుని, తువ్వాలును ముందుపాదం చుట్టూ వేసి, మోకాలు వంగకుండా రెండు చేతులతో మెల్లగా మీవైపు లాగండి. పిక్కలో లాగినట్టు తెలిసేచోట 30 సెకన్లు ఆపి, 4 సార్లు చేయండి. ఇలా రోజుకు మూడు పూటలా చేయండి. ఆపరేషన్ అయిన కొత్తలో ముందుకు వంగకూడదు కాబట్టి, వీపు గోడకు ఆనించి, తువ్వాలు పొడవుగా తీసుకోండి.

రెండోది, కదలికను గుర్తుచేయడం. కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ ఒకేసారి ఎత్తడానికి ప్రయత్నించండి, బలహీనమైనదాన్ని చేత్తో పైకి సాయం చేసి, అది మెల్లగా దిగేలా నిలపడానికి ప్రయత్నించండి. పూర్తిగా ఎత్తలేనివారు కూడా దిగేటప్పుడు కొంత ఆపగలుగుతారు, బలం తిరిగి వచ్చే తొలి గుర్తు తరచు అక్కడే కనిపిస్తుంది. మూడోది, ఎల్5 నరం తుంటి పక్క కండరానికి కూడా వెళ్తుంది కాబట్టి, పక్కకు పడుకుని పైకాలిని ఎత్తి దించడం. కాలు లాగడం పెరిగినా, తిమ్మిరి కిందికి పాకినా ఆపేసి చూపించుకోవాలి.

పాదం పైభాగం మొద్దుబారి ఉంది. ఏం జాగ్రత్తలు?

రోజూ రాత్రి పాదం పైనా, అరికాలిలో, వేళ్ళ మధ్యా చూసుకోండి. కింది భాగం కనబడకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి. వేడినీళ్ళ సంచి, కాపడం ఆ కాలికి వద్దు, బొబ్బ లేచేదాకా తెలియదు. ఎండాకాలంలో కాలిన బండల మీద ప్రదక్షిణ చేయవద్దు. షుగర్ ఉన్నవారికి చిన్న పుండు కూడా పెద్ద విషయమే.

బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవచ్చా?

కొన్నాళ్ళు మానడం మంచిది. బాసింపట్టులోనూ, గొంతుక్కూర్చున్నప్పుడూ, కాలు మీద కాలు వేసుకున్నప్పుడూ మోకాలి బయటివైపున్న నరం ఒత్తుకుంటుంది. నడుము దగ్గర ఇప్పటికే నలిగిన నరానికి దారిలో ఇంకో చోట ఒత్తిడి తోడవడం మంచిది కాదు. నారు నాటడం, కలుపు తీయడం వంటి పనుల్లో గంటల తరబడి ఒంగి, గొంతుక్కూర్చోవడం నడుముకూ చేటే. మరుగుదొడ్డి కింద కూర్చునేదైతే పైన పెట్టుకునే కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది.

బండి ఎప్పుడు నడపవచ్చు?

కుడి పాదమైతే కారు ఇప్పుడే వద్దు. యాక్సిలరేటర్ మీది నుంచి బ్రేకు మీదికి పాదం లేచి వెళ్ళాలి, అది లేవకపోతే మీతోపాటు రోడ్డు మీద ఇతరులకూ ప్రమాదం. మోటార్‌సైకిల్‌కూ వెనుక బ్రేకు కుడి పాదం కిందే ఉంటుంది. ఎడమ పాదమైతే గేరు లీవరును పైకి ఎత్తలేరు, బండి ఆపినప్పుడు ఆ కాలు మోపితే మెలికపడవచ్చు. గేర్లు లేని స్కూటరు సులువే కానీ, దాన్ని ఆపి నిలబెట్టడానికీ కాళ్ళలో నమ్మకం ఉండాలి. డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టండి.

మాలిష్ చేయిస్తే, నాటు వైద్యుడితో నడుము లాగిస్తే?

పిక్కకూ పాదానికీ నూనెతో మెల్లగా మర్దన చేస్తే హాయిగా ఉంటుంది, హాని లేదు. డిస్క్ నరాన్ని నొక్కుతున్నప్పుడు నడుమును తొక్కించడం, మెలితిప్పి విరిపించడం మాత్రం వద్దు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కోసం వెళ్ళడం మనకు తరాల అలవాటే అయినా, ఇది కట్టు కడితే అతికే సమస్య కాదు.

## నెలలు గడిచాక

ఏడాదిన్నర దాటింది, పాదం అలాగే ఉంది. ఇక దారి లేదా?

ఆదేశం అందని కండరం సుమారు ఏడాదిన్నర నుంచి రెండేళ్ళలో తిరిగి పనిచేసే శక్తిని చాలావరకు కోల్పోతుంది. అందువల్ల ఆ తర్వాత దానంతటదే బలం వస్తుందని ఎదురుచూడటం కన్నా, ఉన్న బలంతో బాగా నడవడం మీద దృష్టి పెట్టాలి. బాగా పనిచేస్తున్న మరో కండరం స్నాయువును తెచ్చి పాదం పైన కుట్టే ఆపరేషన్ ఒకటుంది. సాధారణంగా దానికి వాడే కండరానికీ ఎల్5 నరమే ముఖ్యం కాబట్టి, నడుము సమస్య ఉన్నవారిలో అది కూడా బలహీనపడి ఉండవచ్చు. అందుకే మోకాలి దగ్గర నరం దెబ్బతిన్నవారికి కుదిరినంత సులువుగా ఇక్కడ కుదరదు. కండరాన్ని పరీక్షించాకే సర్జన్ చెప్పగలరు.

సదరం సర్టిఫికెట్‌కు వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించిన వైకల్యాన్ని ప్రామాణికంగా తీసుకుంటారు. ఒక్క పాదం వాలినంత మాత్రాన అంత శాతం వస్తుందని ముందే అనుకోకండి, మొత్తం కాలి బలాన్ని చూసి లెక్కిస్తారు. వైద్యం పూర్తయి స్థితి నిలకడపడ్డాక, ఎమ్మారై, ఈఎంజీ, డిశ్చార్జ్ కాగితాలతో వెళ్ళండి. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద సహాయ పరికరాలు కూడా ఇస్తారు, శిబిరంలో ఏఎఫ్‌ఓ గురించి ప్రత్యేకంగా అడగండి.

మళ్ళీ మూటలు మోసే పనికి వెళ్ళగలనా?

పాదం బలం 4 దాటి, ఏఎఫ్‌ఓ లేకుండా మెట్లు దిగగలిగినా, పూర్తి బస్తా ఎత్తమని నేను చెప్పను. బరువుతో ఉన్నప్పుడు ఒక్క అడుగు తడబడితే పడేది మీరొక్కరే కాదు, వీపు మీది బస్తా కూడా మీ మీదే పడుతుంది. మిల్లులోనో మార్కెట్ యార్డులోనో కాటా దగ్గర, లెక్క రాసే దగ్గర, సంచులు కుట్టే దగ్గర పని ఉందేమో మేస్త్రీని ముందే అడిగి పెట్టుకోండి. ఒక హమాలీ ఇలాగే కాటా దగ్గరికి మారి, నెల తర్వాత నాకు చూపించడానికి తన పాత చెప్పులు తెచ్చారు. రెండింటి ముందుభాగాలూ ఇప్పుడు సమానంగా అరుగుతున్నాయి.